కౌన్సెలర్ అన్న బోర్డు కింద ఎవరు కూర్చోవాలి?

ఈ సంవాదంలోని ఇద్దరూ నేను ఊహించుకున్నవాళ్లు. ఒకరు తెనాలిలో హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఇంకొకరు ఆయన అన్నగారి కూతురు, గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టు. వాళ్ల మాటల్లో వచ్చే చట్టాలూ తీర్పులూ పరిశోధనలూ మాత్రం ఊహలు కావు. వాదన ఇలా మొదలైంది. ఊళ్లోని ఒక ఇంటర్ కాలేజీ వాళ్లు పెద్దాయన ఇంటికొచ్చి, వారానికి మూడు రోజులు కౌన్సెలర్‌గా కూర్చోమని అడిగారు. ఆయన సరేనన్నాడు, జీతం కూడా వద్దన్నాడు. సంగతి తెలిసి అన్న కూతురు ఆదివారం పూట బయల్దేరి వచ్చింది. ఇద్దరిలో నా మొగ్గు అమ్మాయి వైపే. అయితే పెద్దాయన అడిగినవాటిలో ఒకటి రెండింటికి ఆమె దగ్గర పూర్తి జవాబు లేదు, నా దగ్గరా లేదు. అందుకే వ్యాసంగా రాయకుండా ఇద్దరి మాటలూ పక్కపక్కన పెడుతున్నాను.

బాబాయి: ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లల మధ్యే బతికాను తల్లీ. పదో తరగతి తప్పామని పురుగుమందు డబ్బా దాకా వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లకెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టుకుని మాట్లాడి వెనక్కి తెచ్చుకున్నాం. అప్పుడు నన్నెవరూ లైసెన్సు ఉందా అని అడగలేదు. ఇప్పుడు ఖాళీగా ఉన్నాను, చూస్తే ఆ పిల్లలకు మనసు విప్పి చెప్పుకునే పెద్దదిక్కు లేదు. నేను కూర్చుంటే వచ్చే నష్టమేంటి?

అమ్మాయి: మిమ్మల్ని పిల్లలతో మాట్లాడొద్దనడానికి రాలేదు బాబాయ్. ఆ బోర్డు కింద కూర్చోవద్దని చెప్పడానికి వచ్చాను. ఇన్నేళ్లుగా కాలేజీ వాళ్లకి గుర్తురాని మీరు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చారో ఆలోచించారా? విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దర్యాప్తు సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి చోటా అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఒకరు ఉండాలి, పిల్లల మానసిక ఆరోగ్యంలో వాళ్లు శిక్షణ పొంది ఉండాలి అంది. తనిఖీకి ఎవరైనా వస్తే చూపించడానికి కాలేజీకి ఒక పేరు కావాలి. మీ పేరైతే తల్లిదండ్రులెవరూ ప్రశ్నించరు.

బాబాయి: వాళ్ల ఉద్దేశం ఏదైనా కానీ, నా గదిలోకి వచ్చిన పిల్ల మాట నేను నిజంగానే వింటాను కదా. వినడానికి ఎంఫిల్ చదవాలా?

అమ్మాయి: వినడానికి అక్కర్లేదు. విన్న తర్వాత ఏం చేయకూడదో తెలియడానికి చదవాలి. ఒక పిల్లాడు మీ దగ్గరికొచ్చాడనుకోండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసింది కలిపి చెబుతున్నాను. చక్కగా చదువుతాడు, దైవభక్తి ఎక్కువ. "సార్, నిన్న గుళ్లో దండం పెడుతుంటే దేవుణ్ని తిడుతున్నట్టు ఒక మాట మనసులోకి వచ్చింది. నాకు పాపం తగులుతుందా?" అంటాడు. మీరేం చెప్తారు?

బాబాయి: చెప్పేదేముంది? మనసన్నాక నూరు ఆలోచనలొస్తాయి, దేవుడు అవేం పట్టించుకోడురా, పోయి చదువుకో అంటాను.

అమ్మాయి: ఎవరైనా అదే అంటారు. వాడు తేలికపడి వెళ్తాడు. సాయంత్రానికి మళ్లీ వస్తాడు. "సార్, ఆ మాట దానంతటదే రాలేదేమో, నేనే కావాలని అనుకున్నానేమో" అంటాడు. మళ్లీ ధైర్యం చెప్తారు. మర్నాడు మూడుసార్లు వస్తాడు. నెల తిరిగేసరికి మీ నోటి నుంచి ఆ మాట వినకుండా పుస్తకం తెరవలేని స్థితికి వస్తాడు. అది ఓసీడీ బాబాయ్. చేతులు పదేపదే కడుక్కోవడం ఒక్కటే ఓసీడీ అనుకుంటారు అందరూ. ఇలా మనసు లోపలే నడిచే రకం కూడా ఉంది. ఇందులో మీరు ప్రేమతో ఇచ్చే భరోసాయే జబ్బుని పెంచుతుంది. భరోసా దొరికిన ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది కాబట్టి, ఇంకోసారి అడిగి తీరాలన్న తహతహ గట్టిపడుతుంది. చికిత్స దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. భయపెట్టే ఆలోచనని వాడి ఒప్పుదలతోనే, చిన్న మెట్టు నుంచి మొదలుపెట్టి, ఎదురుగా పెట్టాలి. ఎవర్నీ అడగకుండా, లోపల మంత్రం చదువుకోకుండా ఆ భయంతో కూర్చోవడం నేర్పాలి. ఇంట్లోవాళ్లక్కూడా "పాపమేం లేదులే నాన్నా" అనకుండా ఉండటం నేర్పాలి. ఏడుస్తున్న పిల్లాడి ముందు ఆ మాట ఆపుకోవడం ఎంత కష్టమో నేర్చుకునే రోజుల్లో నాకు తెలిసొచ్చింది. పక్కన పెద్ద డాక్టరు కూర్చుని చూస్తుంటే చేశాను. రెండేళ్ల శిక్షణలో ఎక్కువ భాగం అదే. కేసు చూడటం, రాయడం, పై వాళ్ల ముందు పెట్టడం, వాళ్లు వేసిన ప్రశ్నకు జవాబు రాక మళ్లీ మొదటికి వెళ్లడం.

పెద్దాయన కొంతసేపు ఏమీ అనలేదు. తన దగ్గరికి రోజూ వచ్చి ఒకటే ప్రశ్న అడిగిన పిల్లలెవరైనా ఆయనకు గుర్తొచ్చి ఉండొచ్చు.

బాబాయి: ఓసీడీ మాట ఒప్పుకుంటాను. వచ్చేవాళ్లంతా ఓసీడీ వాళ్లు కారు కదా! నేనూ కొంత చదువుతాను తల్లీ. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో బాలింతల డిప్రెషన్ మీద ఒక ప్రయోగం చేశారు, 2008లో లాన్సెట్‌లో వచ్చింది. చికిత్స చేసింది డాక్టర్లు కాదు, సైకాలజిస్టులు కాదు. మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లు. ఆరు నెలల తర్వాత చూస్తే వాళ్ల సాయం అందినవాళ్లలో నూటికి 23 మందికే డిప్రెషన్ మిగిలింది. మామూలుగా వచ్చి చూసి వెళ్లడమే జరిగిన తల్లుల్లో నూటికి 53 మందికి ఉంది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఆస్పత్రుల ఆవరణలో బెంచీలు వేయించి బామ్మల్ని కూర్చోబెట్టాడు. మన గోవాలో విక్రమ్ పటేల్ బృందం మామూలు మనుషులకు నేర్పించి డిప్రెషన్ తగ్గించింది, అది 2017లో వచ్చింది. వీళ్లలో లైసెన్సు ఎవరికుంది? బామ్మకి పనికొచ్చింది హెడ్మాస్టరుకి పనికిరాదా?

అమ్మాయి: పనికొస్తుంది. నేను ఎంతో ఇష్టపడే ప్రయోగాలే చెప్పారు మీరు. అయితే వాటిలో ఏం జరిగిందో పూర్తిగా చూడండి. గోవాలో ఆ కౌన్సెలర్లు తమకు తోచిన సలహాలు చెప్పలేదు. డిప్రెషన్ ఒక్కదానికే, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చునే ఒకే పద్ధతి నేర్చుకున్నారు. ముడుచుకుపోయిన మనిషిని మళ్లీ చిన్న చిన్న పనుల్లోకి తీసుకురావడం ఆ పద్ధతి. మాట్లాడినవి రికార్డు చేసి, కూర్చుని విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకున్నారు. పైన నిపుణులున్నారు. రావల్పిండిలోనూ శిక్షణ ఉంది, క్రమం తప్పని పర్యవేక్షణ ఉంది. అలాంటి ఏర్పాటుంటే రేపే మీ పేరు నేనే ఇస్తాను. ఈ కాలేజీ వాళ్లు మీకు ఏం నేర్పిస్తామన్నారు? మీకు అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయమన్నారు?

బాబాయి: ఒక గది, ఫ్యాను, రెండు కుర్చీలు ఇస్తామన్నారు.

అమ్మాయి: చూశారా.

బాబాయి: నీలాగా లైసెన్సు ఉన్నవాళ్లు జిల్లాకి ఎంతమంది వస్తారో అది కూడా చెప్పు. 2015-16లో నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ సర్వే చూశాను. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారట. జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదట. పన్నెండు రాష్ట్రాల్లో చేశారు, అందులో మన రెండు రాష్ట్రాలూ లేవు. మనల్ని లెక్క కూడా పెట్టలేదు. ఇంత కరువులో నువ్వు వచ్చి, అర్హత లేనివాడు కూర్చోవద్దంటే ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండానే పోతుంది. గంటకి వెయ్యీ పదిహేను వందలూ పెట్టి మీ దగ్గరికి రాగలిగేది ఎవరు? ఆస్పత్రిలో చేరితే తప్ప మీ ఫీజు బీమాలో కూడా రాదు చాలామందికి.

(ఈ మాటకి ఆమె తడుముకుంది. నా ఉద్దేశంలో ఈ సంవాదం మొత్తంలో బరువైన మాట ఇదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో చికిత్స పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందంటుంది. శారీరక జబ్బులకు లాగే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంటుంది. తెనాలి నుంచి బస్సెక్కి గుంటూరు వెళ్లే తల్లికి ఆ వాక్యాలు ఇంకా చేరలేదు.)

అమ్మాయి: ఫీజు విషయంలో మీరన్నదాన్ని కాదనలేను. కొందరి దగ్గర తీసుకోను, కొందరి దగ్గర సగం తీసుకుంటాను. దాంతో కరువు తీరదని నాకూ తెలుసు. మీ మాటలో ఒక్కదానికి మాత్రం అడ్డు చెప్తాను. కరువులో ఏదైనా తినొచ్చు అన్నట్టు వినిపిస్తోంది. పల్లెలో డాక్టరు లేడని ఎవరు పడితే వాళ్లు ఆపరేషన్ చేయొచ్చని మీరు ఒప్పుకుంటారా?

బాబాయి: ఆపరేషనూ మాటా ఒకటి కావు. మాటతో ఎవరికి గాయమైంది?

అమ్మాయి: మీరు స్కూల్లో ఉండగా చూడలేదా? మాటతో ఏమవుతుందో మీకన్నా ఎవరికి తెలుసు?

బాబాయి: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకోటి అడుగుతాను. మీ మేనత్త కూతురు నిద్రపట్టక అల్లాడిపోతూ నీ దగ్గరికొస్తే వేరే ఊరి సైకాలజిస్టు నంబరు చేతిలో పెట్టి పంపావు. మీ అత్తయ్య ఇప్పటికీ నాతో అంటుంది, సొంత పిల్లకే చేయని చదువు ఎందుకని. మనవాళ్లు మనసు విప్పేది తెలిసినవాళ్ల దగ్గరే. జె.ఎస్. నేకీ అనే సైకియాట్రిస్టు 1973లోనే రాశాడు, మన దేశంలో చికిత్సకు గురుశిష్య సంబంధం మంచి నమూనా అవుతుందని. మీరేమో పరాయివాళ్లలా, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు.

అమ్మాయి: వదిన విషయంలో నాకూ బాధగానే ఉంది. కానీ తను నా దగ్గర వాళ్లాయన గురించి చెప్పుకుని, మర్నాడు పెళ్లిలో నా పక్కన కూర్చుని భోంచేయాలి. నేను నోరు తెరవకపోయినా, నా చూపులో ఏముందోనని తను వెతుక్కుంటూ ఉంటుంది. నేను కూడా ఇరువైపులా సొంతవాళ్లే అయినప్పుడు సరిగ్గా వినలేను. అందుకే మా వృత్తిలో బంధువులకి చేయకూడదు. గడియారం కూడా ఇలాంటిదే. నలభై అయిదు, యాభై నిమిషాలని ముందే తెలిస్తే ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆ మనిషే చూసుకుంటాడు. ఏడ్చి అలిసిపోయాక తేరుకోవడానికి సమయం ఉంచుకుంటాం. నేకీ గారి మాటలో నిజం లేదనను, మనవాళ్లు సలహా కోసమే వస్తారు, మొదటిరోజు ఏమీ చెప్పకపోతే మళ్లీ రారు. గురువంటే మాత్రం నాకు భయం. శిష్యుడు గురువు మాట కాదనడు. నా దగ్గరికొచ్చిన పిల్ల "మేడమ్, మీరు చెప్పింది నాకు నప్పలేదు" అని నా మొహం మీద అనగలగాలి. మీ ముందు కూర్చున్న ఇంటర్ పిల్ల ఎన్నటికైనా అలా అంటుందా?

బాబాయి: అనదు.

అమ్మాయి: లైసెన్సు సంగతి అక్కడికే వస్తుంది. దాన్ని నాకిచ్చిన కిరీటంలా చూస్తున్నారు మీరు. పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. ఆ మండలి, అంటే ఆర్సీఐ, రిజిస్టరులో పేరున్న క్లినికల్ సైకాలజిస్టునని నేను రాసుకుంటే, నా నంబరు చూసి ఎవరైనా నేను నిజంగా ఉన్నానో లేదో వెతుక్కోవచ్చు. నేను వృత్తికి తగని పని చేస్తే ఆ పేరు కొట్టేయమని అడగొచ్చు. కొన్నేళ్లకోసారి మళ్లీ చదివిన ఆధారాలు చూపించి పునరుద్ధరించుకోవాలి. చెప్పింది బయటపెట్టకుండా ఉండటం నా మంచితనం మీద వదిలేయలేదు, 2017 చట్టం దాన్ని రోగి హక్కుగా రాసింది. మీ గదిలో ఒక పిల్లకి అన్యాయం జరిగితే ఎక్కడికెళ్లి చెప్పుకోవాలి?

బాబాయి: నా గదిలో అన్యాయమా? ఏం మాట్లాడుతున్నావమ్మా నువ్వు?

అమ్మాయి: మీ గురించి కాదు బాబాయ్. ఆ కుర్చీలో మీ తర్వాత కూర్చునేవాడి గురించి. ఊళ్లో మంచి పేరుంటే చాలని ఒకసారి మీతో తేలిపోతే, రేపు పేరు మాత్రమే ఉన్నవాడొచ్చి కూర్చుంటాడు. ఇప్పటికే వారాంతపు సర్టిఫికెట్టు ఒకటి గోడకి తగిలించి కౌన్సెలింగ్ సెంటర్లు నడిపేవాళ్లున్నారు.

బాబాయి: వాళ్లని మీ చట్టం ఏం చేయగలిగింది?

అమ్మాయి: పెద్దగా ఏమీ లేదు. రిజిస్టరులో లేకుండా పని చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని 13వ సెక్షన్లో ఉంది. నా ఒక్క గంట ఫీజుకి సరిపోయే జరిమానా. పైగా అది వట్టి కౌన్సెలర్ అని రాసుకున్నవాళ్ల జోలికి సరిగ్గా వెళ్లదు. 2021లో వచ్చిన ఇంకో చట్టం మిగతా సైకాలజిస్టుల్ని, కౌన్సెలర్లని కూడా ఒక కమిషన్ కిందికి తెచ్చింది. అది పూర్తిగా నడిచేదాకా ఎవరి బోర్డు వాళ్లదే. అందుకే మీలాంటివాళ్లు ఆ బోర్డు కింద కూర్చోకపోవడం ఇంకా అవసరం.

బాబాయి: ఒక పిల్ల వచ్చి, "సార్, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అంటే నువ్వేం చేస్తావు?

అమ్మాయి: ఒట్టు వేయను. మొదటిసారి కూర్చున్నప్పుడే చెప్తాను, నువ్వు చెప్పేది నాలోనే ఉంటుంది, కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమనిపిస్తే మాత్రం ఉండదు అని. పద్దెనిమిది నిండనివాళ్లకి ఎవరైనా లైంగికంగా హాని చేశారని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసిన ప్రతి ఒక్కరికీ ఆ బాధ్యత ఉంది, మీక్కూడా. ముందే ఒట్టేసి కూర్చుంటే అటు చెప్పలేరు, ఇటు ఆపుకోలేరు. ఇంకో సంగతి. మూడో రోజుకల్లా ప్రిన్సిపల్ మిమ్మల్ని టీకి పిలిచి, ఫలానా పిల్ల ఏం చెప్పింది సార్, అని మెల్లిగా అడుగుతాడు. వాళ్ల నాన్న మీ పాత విద్యార్థి అయ్యుంటాడు, దారిలో ఆపి అడుగుతాడు.

బాబాయి: అడుగుతారు. తప్పకుండా అడుగుతారు. నేనే హెడ్మాస్టరుగా ఉండి ఉంటే అడిగేవాణ్ని.

ఆయన లేచి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చుకున్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాక గొంతులో వాదించే పట్టుదల తగ్గింది, కోపం పెరిగింది. అది ఆమె మీద కోపం కాదు.

బాబాయి: అసలు విషయం నువ్వూ నేనూ ఇద్దరం దాటేస్తున్నామమ్మా. పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెడతారు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దించుతారు. ఆ జాబితా గోడకి అంటిస్తారు. పిల్ల నిద్రపోదు, తినదు, ఏడుస్తుంది. అప్పుడు నీ దగ్గరికి పంపుతారు. నువ్వు దాన్ని కుదుటపరిచి మళ్లీ అదే సెక్షన్‌కి పంపుతావు. నీ లైసెన్సు ఆ యంత్రానికి తైలం పోయడానికి తప్ప ఎందుకు పనికొస్తోంది?

అమ్మాయి: ఈ ప్రశ్న నన్నూ వదలదు బాబాయ్. ఒక్కో వారం ఒకే కాలేజీ పిల్లలు వరసగా వస్తారు. ఒక్కొక్కరికీ శ్వాస ఎలా తీసుకోవాలో, నిద్ర ఎలా సరిచేసుకోవాలో నేర్పుతూ, తప్పు వీళ్లలో లేదు కదా అనుకుంటాను. ఆ మాట పిల్లలకీ చెప్తాను. తల్లిదండ్రుల్ని పిలిపించి, ఈ చదువు మాన్పించినా కొంప మునగదని చెప్తాను. కొందరు వింటారు. అయితే ఎదురుగా వణుకుతూ కూర్చున్న పిల్లని, ముందు వ్యవస్థ మారనీ, తర్వాత నీ సంగతి చూద్దామని పంపించలేను. దానికి ఈ రాత్రి గడవాలి.

బాబాయి: రాత్రి గడిచాక?

అమ్మాయి: గడిచాక చేయాల్సింది నాకన్నా మీ వల్లే ఎక్కువ అవుతుంది. ఆ సుప్రీంకోర్టు తీర్పులోనే ఇంకో మాట ఉంది, వీలైనంతవరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని. నలుగురి ముందు అవమానించొద్దని. టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని. కాలేజీ వాళ్లు ఆ కాగితంలో కౌన్సెలర్ అన్న ఒక్క పంక్తి చదివి మీ దగ్గరికొచ్చారు. మిగతా పంక్తులు నేను వెళ్లి చదివితే గుంటూరు నుంచి వచ్చిన ఆడపిల్ల ఎవరో అంటారు. మీరు చదివితే ఊళ్లో సగం మంది తండ్రులు మీ వెనక నిలబడతారు.

బాబాయి: అంటే నన్ను ఆ గదిలోంచి లేపి గొడవకి పంపుతున్నావు.

అమ్మాయి: అవును.

బాబాయి: సరే, బోర్డు మీద నా పేరు వద్దని రేపే చెప్తాను. సెక్షన్ల జాబితా గోడ మీద నుంచి తీసేదాకా మళ్లీ ఆ గడప తొక్కనని కూడా చెప్తాను. మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఖాళీగా ఉంచితే మళ్లీ ఎవడినో తెస్తారు.

అమ్మాయి: గురువారం మధ్యాహ్నాలు నేను వస్తాను. పిల్లల పేర్లుగానీ వాళ్లు చెప్పింది గానీ యాజమాన్యం అడగకూడదని ముందే రాసివ్వాలి. తల్లిదండ్రుల అంగీకారం కాగితం మీద ఉండాలి. మందులు కావాల్సినవాళ్లని సైకియాట్రిస్టుకి పంపుతాను, నేను మందులు రాయను, రాయకూడదు కూడా. వారానికి ఒక పూట ఏ మూలకీ సరిపోదు, ఆ సంగతి వాళ్లకీ చెప్పండి.

బాబాయి: మిగతా ఆరు రోజులూ?

అమ్మాయి: వార్డెన్లు, వంటవాళ్లు, వాచ్‌మన్, మీరు. పిల్ల తినడం మానేసిందని ముందు తెలిసేది వంటావిడకే. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడం నేర్పిస్తాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి, అడిగాక పిల్లలు ఊపిరి పీల్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఔనంటే ఒంటరిగా వదలకూడదు, ఉరితాడైనా మందు డబ్బా అయినా చేతికందకుండా చేయాలి, నాకో టెలి మానస్ నంబరు 14416కో ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఒకరు పక్కన ఉండాలి. దీనికి లైసెన్సు అక్కర్లేదు.

బాబాయి: ఫలితాలొచ్చే రోజు రాత్రి నేను హాస్టల్లోనే పడుకుంటాను.

అమ్మాయి: ఆ ముందు రాత్రి కూడా ఉండండి. వార్డెన్లని ఎంతమందిని పిలవగలరు? వచ్చే ఆదివారం పెట్టుకుందాం, అడగడం ఒకరి మీద ఒకరు సాధన చేయాలి, చదివితే రాదు.

బాబాయి: పన్నెండు మంది ఉంటారు. ఇక్కడే, ఈ అరుగు మీదే కూర్చుందాం.